దుమ్ము అనుకున్న పొడి

మా కోడలు మొక్కలకు జబ్బు చేయిస్తుంది. అందుకు జీతం కూడా ఇస్తారు.

ఈ మాట నేను నలుగురిలో అంటే మా ఆవిడ మూతి ముడుచుకుంటుంది. ఆవిడ లెక్కలో కోడలు మొక్కల డాక్టరు. వీధిలో అందరికీ అలాగే చెప్పింది. దాంతో పక్కింటావిడ వాడిపోయిన గులాబీ కుండీ చంకనెత్తుకుని ఒకసారి, ఎదురింటాయన పురుగు పట్టిన నిమ్మకొమ్మ పట్టుకుని ఒకసారి వచ్చారు. కోడలు రెండింటినీ మర్యాదగా తిప్పి తిప్పి చూసి, "నాకు తెలియదండీ" అని పంపేసింది. తెలియదని చెప్పే డాక్టర్ని వాళ్ళు జన్మలో చూడలేదు. అప్పట్నుంచి వీధిలో మా కోడలి చదువు మీద కాస్త అనుమానం ఉంది.

నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. చూపు సహకరించక కొట్టు మూసేశాను గానీ, దేనికైనా సరే వెనక మూత తీసి లోపలేముందో చూడాలనే జబ్బు మాత్రం పోలేదు. అందుకే కోడలు మా ఇంటికి వచ్చిన కొత్తలోనే కూర్చోబెట్టి అడిగాను, అసలు నువ్వు చేసే పనేమిటమ్మా అని. టమాటా మొక్కలకు ఒక వైరస్ పడుతుందట. పడితే ఆకులు పచ్చా పసుపూ మచ్చలేసి ముడుచుకుపోతాయి, కాయలు గిడసబారతాయి. మందు లేదు. చేను చేనంతా పీకి పారెయ్యడమే. అందుకని ఆ వైరస్‌కి లొంగని మొక్క ఎక్కడైనా ఉందేమోనని వీళ్ళ పరిశోధనశాలలో వెతుకుతున్నారు. వెతకడమంటే మరేం లేదు, దొరికిన ప్రతి రకానికీ కావాలని జబ్బు అంటించి, ఏది తట్టుకుంటుందో కాచుకుని చూడడం.

"మరి ఆ వైరస్‌కి ప్రాణం ఉంటుందా?" అని మా ఆవిడ అడిగింది.

"ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అత్తయ్యా. బయట ఉన్నంతసేపూ రాయిలా పడి ఉంటుంది. ఒకసారి మొక్కలోకి దూరిందంటే, ఇక తన పనులన్నీ ఆ మొక్క చేతే చేయించుకుంటుంది."

"అచ్చం మా ఆడపడుచే," అంది మా ఆవిడ.

నా చెల్లెలు ఆ ముందు వారమే వచ్చి వెళ్ళింది. వైరస్ గురించి మా ఆవిడకు ఆ రోజు అర్థమైంది అంతవరకే, ఆ తర్వాత అడిగిందీ లేదు.

మా అబ్బాయి రైలింజను నడుపుతాడు. ఆదివారం ఇంటిపట్టున ఉండడం అరుదు. కోడలికేమో ఆదివారాలే పని, ఎందుకంటే మొక్కలకు జబ్బు అంటించే బల్ల మిగతా రోజుల్లో పై ఉద్యోగుల చేతుల్లో ఉంటుంది. సెలవు రోజు అంత పెద్ద భవనంలో పిల్ల ఒక్కతే ఉంటే మా ఆవిడకు తోచదు. ఫ్లాస్కు నిండా పాలు పోసుకుని తనూ బయల్దేరుతుంది. పని ముగిశాక కోడలి చేత తాగించడానికి ఆ పాలు. తాగకపోతే పిల్ల చిక్కిపోతుందని ఆవిడ భయం. కోడలు చిక్కిన దాఖలాలు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

మొక్కలుండే గాజు గదికి రెండు తలుపులు. రెండో తలుపు దాటి బయటివాళ్ళు వెళ్ళకూడదు. రెంటికీ మధ్య ఒక చిన్న గది, అందులో చేతులు కడుక్కునే తొట్టి, గోడకు తగిలించిన తెల్ల కోట్లు, పొడవాటి బల్ల, బల్ల చివర ఒక స్టూలు. ఆ స్టూలు మా ఆవిడది. కోడలు లోపల్నుంచి కుండీలు తెచ్చి బల్ల మీద వరసగా పేరుస్తుంది. కాసేపు ఏదో సర్దుతుంది. తర్వాత వరండా చివరున్న చలిగదికి వెళ్ళి, జబ్బు ఆకులు నూరి తీసిన రసం ఐసుముక్కల మధ్య పెట్టి తెస్తుంది. చలిలోంచి ఒక్కసారి ఆ ఉక్కగదిలోకి వచ్చేసరికి కళ్ళద్దాలు మసకబారతాయి. ఆ మసకలోనే, తొడుగు వేసుకున్న వేలితో ఒక్కొక్క ఆకుకీ రసం రుద్దుకుంటూ పోతుంది. మా ఆవిడ మాత్రం ఆ చివరి స్టూలు మీద కూర్చుని, కోడలు తన మాట వింటున్నా వినకపోయినా, వీధి కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెబుతూ ఉంటుంది.

ఇలా ఉండగా ఒకనాడు కోడలు ఇంట్లోకి వస్తూనే చెప్పులు విప్పడం మర్చిపోయింది.

"మామయ్యా, ఒక్కటి పడలేదు!"

అడవిరకం టమాటాల విత్తనాలు ఎక్కణ్ణుంచో తెప్పించి పెంచిన మొక్కలట. అన్నిటికీ ఒకే రోజు రసం రుద్దింది. అన్నీ మచ్చలేసి ముడుచుకున్నాయి. ఒక్కటి మాత్రం నవనవలాడుతూ నిలబడింది. మళ్ళీ రుద్దింది, పక్కన కొత్త మొక్కలు పెట్టి వాటికీ రుద్దింది. కొత్తవి పడ్డాయి, ఇది పడలేదు. మూడోసారీ అంతే. కంటికి కనబడనిది ఆకు లోపల దాక్కుందేమోనని ఆకు నలిపి, రసం తీసి, యంత్రంలో పెట్టింది. వైరస్ తాలూకు జన్యువు పిసరంత ఉన్నా చాలు, ఆ యంత్రం దాన్ని కోట్ల కొద్దీ అచ్చులు తీస్తుందట. అప్పుడు జిగురుపలక మీద ఒక గీత కనబడుతుంది. ఆ పలక ఫొటో మాకు చూపించింది. మిగతా మొక్కలకు వరసగా తెల్లటి గీతలు. ఈ మొక్క చోట ఖాళీ.

కోడలు దానికి మొండిది అని పేరు పెట్టింది. మా ఆవిడ ఆ ఫొటో అడిగి తీసుకుని వీధంతా తిప్పింది. "ఇదిగో, ఇక్కడ ఏమీ లేదు చూడండి," అని వేలు పెట్టి చూపించేది. ఏమీ లేనిదాన్ని అంత గొప్పగా చూపించినవాళ్ళు మా వీధిలో లేరు. పక్కింటావిడ కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసి, బాగుందని ఒప్పుకుంది.

మా సంతోషం ఊరికే కాదు. కోడలి ఉద్యోగం ఒప్పందం మీద నడిచేది, అది ఆ ఏటితో ఆఖరు. ఏళ్ళ తరబడి రుద్దిన చేతికి ఇన్నాళ్ళకు ఒక్క మొక్క దక్కింది. కోడలి పైన ఒక పెద్దసారు ఉన్నారు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. ఆయన కూడా ఈ మొక్కను చూసి, "ఊఁ," అని రెండుసార్లు అన్నారట. ఆయన ఒక్కసారి అంటేనే గొప్ప. రైతులూ విత్తనాలవాళ్ళూ వచ్చే పెద్ద సభలో కోడలే స్వయంగా ఈ సంగతి చెప్పాలన్నారు. మొండిదాని విత్తనం వచ్చే పంటకు కొందరు రైతుల పొలాల్లో వేస్తారు. అది నిలిస్తే కోడలి ఉద్యోగమూ నిలుస్తుంది. ఆ పిల్ల నిద్రలో కూడా నవ్వుతోందని మా అబ్బాయి చెప్పాడు.

సభ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం కోడలు మమ్మల్నిద్దర్నీ ముందుగదిలో సోఫా మీద కూర్చోబెట్టింది.

"పెద్దసారు చెప్పారు, ఇంట్లోవాళ్ళకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనట. మీకు చెప్పి చూస్తాను. అర్థం కాకపోతే చెయ్యెత్తండి."

"మీ అత్తయ్య చెయ్యి దించనే దించదు," అన్నాను.

మా ఆవిడ నా వైపు చూడనైనా లేదు. పక్కనున్న కుండీలో వెడల్పాకుల మొక్కను గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. ఇల్లంతా నాలుగు కుండీలున్నాయి, వాటి ఆకుల్లో మొహం చూసుకోవచ్చు. దుమ్ము అంటే మా ఆవిడకు పగ. ఆ పగ నా వల్లే పట్టుకుంది. గడియారం విప్పిన బల్ల మీద నలుసు పడిందంటే పొద్దుట్నుంచీ చేసిన పని పోయినట్టే. పెళ్ళయిన నాటి నుంచీ నా బల్లను కాపాడీ కాపాడీ, ఇప్పుడు ఆవిడ చేతులు ఊరుకోవు. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీ చువ్వ మీద వేలు రాసి చూస్తుంది.

కోడలు గోడ ముందు నిలబడి గొంతు సవరించుకుంది. బాగా చెప్పింది. వైరస్ ఎంత చిన్నదో చెప్పింది, జన్యువు అంటే ఏమిటో చెప్పింది. గడియారంలో పళ్ళచక్రాలు ఎలా అమరి ఉండాలో అలాగే అని నా వైపు తిరిగి చెప్పింది, నేను పొంగిపోయాను.

"వైరస్ తనంతట తాను ఆకులోకి వెళ్ళలేదు. ఆకు పైన తోలులాంటి పొర ఉంటుంది. దానికి గీతలు పడాలి. అందుకని మేం ముందుగా ఆకు మీద ఒక పొడి చల్లుతాం. సానరాయి నూరినట్టుండే బూడిదరంగు పొడి. అది వేశాక రసం రుద్దితే కంటికి కనబడనంత సన్న గీతలు పడతాయి. వైరస్ ఆ గీతల్లోంచే లోపలికి..."

మా ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది.

"ఏమిటత్తయ్యా, అర్థం కాలేదా?"

"అర్థమైందమ్మా," అంది మా ఆవిడ. "పొయ్యి మీద ఏదో పెట్టాను. చూసొస్తా."

పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు. వెనకే వెళ్ళాను. వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమండీ, అది దుమ్ము కాదంటండీ."

"ఏది?"

"ఆ పొడి. మొక్కల మీద ఉండేది. అది తనే చల్లుతుందని నాకేం తెలుసు? తను రసం తేవడానికి వెళ్ళినప్పుడు చూస్తే, ఆకంతా బూడిద కొట్టుకుని ఉండేది. చూస్తూ ఎలా కూర్చోను? ఫ్లాస్కు మూతలో కాసిని పాలు, కాసిని నీళ్ళు పోసి, రుమాలు తడిపి తుడిచేదాన్ని."

"అన్ని మొక్కలూనా?"

"లేచి నడిచే ఓపికెక్కడ? స్టూలు దగ్గరున్నదొక్కటే. ఆ మొండిదొక్కటే."

నాకు ముందు నవ్వొచ్చింది. మూతి దాకా వచ్చిన నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఈవిడ మోకాళ్ళు బాగుండి మొత్తం వరసంతా తుడిచి ఉంటే, ఒక్కదానికీ జబ్బు రాక కోడలికి ఆ రోజే అనుమానం వచ్చేది. మోకాళ్ళ నొప్పే మా కొంప ముంచింది.

"ప్రతిసారీ తుడిచావా?"

"అది బాగుందని అందరూ అంటుంటే నాకు దాని మీద మమకారం పెరిగింది. కావాలనే ఆ చివరకు పెట్టించుకునేదాన్ని." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పకపోతే ఏమవుతుందండీ?"

"విత్తనాలు పొలాల్లో వేస్తారు. రైతు పాలగిన్నె పట్టుకుని ఆకాకూ తుడుస్తూ కూర్చోడు కదే."

ఆ పిల్లకు ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఇంత చెడ్డ కబురు చెప్పలేదు.

"నువ్వుండు, నేను నెమ్మదిగా నచ్చజెబుతాలే," అన్నాను.

"తుడిచింది నేనైతే మీరేమిటి చెప్పేది?" అని, కళ్ళు తుడుచుకుని, నన్ను దాటుకుని ముందుగదిలోకి వెళ్ళింది. సోఫాలో కూర్చుని, బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది.

అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. కోడలు గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చుంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"పాలా? ఖాయంగా పాలేనా?"

"పాలే."

"రుద్దడానికి ముందా, తర్వాతా?"

"ముందే. నువ్వు రుద్దాక నాకు తుడిచే సందెక్కడిది?"

"మొదటి ఆదివారం కూడానా?"

"అవునమ్మా."

కోడలు నవ్వడం మొదలుపెట్టింది. పాలు తగిలితే ఆ వైరస్ చేతకానిదైపోతుందనీ, మొక్కలు ముట్టుకునే ముందు చేతులు పాలలో ముంచుకునేవాళ్ళున్నారనీ, అది తమకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతేననీ నవ్వుతూనే చెప్పింది. అంటే మా ఆవిడ అడ్డం వచ్చి కొత్తగా కనిపెట్టిందీ ఏమీ లేదు. ఈ మాటకు మా ఆవిడ ఆ బాధలోనూ కాస్త చిన్నబుచ్చుకుంది. కోడలి నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నేను కనిపెట్టలేకపోయాను. మా ఆవిడ లేచి దగ్గరకు వెళ్ళబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియక మధ్యలో నిలబడిపోయింది.

పెద్దసారుకి కోడలు అప్పుడే ఫోను చేసింది. ఆయన అంతా విన్నారు. ఆ తర్వాత ఫోను మా ఆవిడకు ఇమ్మన్నారు. ఆవిడ ఫోను పుచ్చుకుంటూనే నిటారుగా నిలబడింది.

"అమ్మా, పాలల్లో నీళ్ళెన్ని?"

"మేం నీళ్ళ పాలు తాగం సార్!" అంది మా ఆవిడ. "చిక్కటివే తెస్తాను. తుడవడానికి మాత్రం సగానికి సగం కలిపాను."

అవతల్నుంచి "ఊఁ" అని వినబడింది. ఒక్కసారే.

సభలో ఆ సంగతి చెప్పలేదు. పెద్దసారు దాన్ని ఆపించి, ముందు మళ్ళీ పరీక్ష చెయ్యమన్నారు. ఆ రాత్రి నుంచీ మా ఇంట్లో ఒక ఆశ మొలిచింది. దాన్ని మొలకెత్తించింది కోడలే. "తుడిచారు నిజమే. కానీ తుడవకపోయినా అది తట్టుకునేదేమో, ఎవరికి తెలుసు? రెండూ నిజం కావచ్చు కదా మామయ్యా," అంది. కావచ్చమ్మా, ఎందుకు కాకూడదు అన్నాను. నాకు నమ్మకం లేదు. కానీ అలా కావాలని నాకెంతగా ఉందో మాటల్లో చెప్పలేను.

ఆదివారం వచ్చింది. మా ఆవిడ రానంది. ఆ గడప తొక్కనని మొండికేసింది.

"మీరు రావాల్సిందే అత్తయ్యా," అంది కోడలు. "స్టూలూ ఉండాలి, ఫ్లాస్కూ ఉండాలి, మీరూ ఉండాలి, మీ కబుర్లూ ఉండాలి. అన్నీ ఎప్పట్లాగే ఉండి, తుడవడం ఒక్కటే ఉండకూడదు. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తేల్చలేం."

అలా మా ఆవిడ శాస్త్ర పరిశోధనలో భాగమైంది. నేను బయట మెట్టు మీద కూర్చుని గాజు తలుపులోంచి చూశాను. పెద్దసారు కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక మూల నిలబడ్డారు. కోడలు మొండిదాన్ని బల్ల చివర పెట్టింది. ఆకుల మీద పొడి చల్లి చలిగదికి వెళ్ళింది. మా ఆవిడ ఆ పొడి వైపు చూసింది. పైకప్పు వైపు చూసింది. మళ్ళీ పొడి వైపు చూసింది. చివరకు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. కబుర్లు చెప్పాలని గుర్తొచ్చినట్టుంది, ఎదురుగా ఇంకెవరూ లేకపోయేసరికి పెద్దసారుకే మా వీధి సంగతులు మొదలుపెట్టింది. ఆయన పాపం తల ఊపుతూ విన్నారు. కోడలు మసక కళ్ళద్దాలతో వచ్చి, ఆకు మీద వేలు ఆనించి, ఒక్క క్షణం ఆగి, రుద్దింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పను. కోడలు ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఏమీ అడిగేది కాదు, మొహం మాత్రం చూసేది. ఇంకా ఏమీ లేదని కోడలు తల అడ్డంగా ఊపేది. అలా ఊపిన ప్రతిసారీ మా ముగ్గురి ప్రాణమూ కొంచెం కుదుటపడేది. నేనైతే సాహసించి మా అబ్బాయితో, "చూస్తూ ఉండరా, అది నిజంగానే మొండిదే," అని కూడా అనేశాను.

ఒక సాయంత్రం కోడలు వచ్చి, చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా పక్కపక్కన పెట్టింది. ఎప్పుడూ అలా పెట్టదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వచ్చిందా?"

"వచ్చింది అత్తయ్యా. చిగురాకుల మీద మచ్చలు కనబడితే ఇవాళ యంత్రంలో పెట్టాను. గీత వచ్చింది. మిగతా వాటికంటే లావుగా వచ్చింది."

"ఉద్యోగమో?" అని నేనే అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"తెలియదు మామయ్యా. ఇంకో ఏడాది ఇవ్వమని పెద్దసారు పైవాళ్ళను అడుగుతానన్నారు. ఇస్తే మళ్ళీ విత్తనాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇవ్వకపోతే అదీ లేదు."

మా ఆవిడ గుమ్మం దిగి వచ్చి కోడలి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"నా మీద కోపంగా ఉందా?"

నేను అడ్డుపడబోయాను. ఇలాంటి ప్రశ్నకు ఎవరైనా "అబ్బే లేదండీ" అంటారు, అక్కడితో తప్పించుకోవచ్చు. మా కోడలు అలా అనలేదు.

"ఉంది అత్తయ్యా. చాలా ఉంది. దారి పొడుగునా కోపంగానే ఉంది. మీరు ఆ రోజు చెప్పకుండా ఊరుకుని ఉంటే ఈ కోపం వచ్చేదే కాదు. నాకు ఉద్యోగం వచ్చేది, దండలు వేసేవాళ్ళు. వచ్చే పంటకు ఎవరో ఒకాయన తన చేను పీకేసుకుంటూ నన్ను తిట్టుకునేవాడు. ఎందుకలా అయిందో నాకు జన్మలో తెలిసేది కాదు."

"అయితే తిట్టమ్మా," అంది మా ఆవిడ. "నువ్వు తిట్టేదాకా నాకు ముద్ద దిగదు."

"నాకు ఆకలేస్తోంది. ముందు అన్నం పెట్టండి, తిన్నాక తిడతాను."

మా ఆవిడ లేచి వడ్డించింది. కోడలు మారుమాట లేకుండా తిన్నది, రెండోసారి అడిగి పెట్టించుకుంది, అదీ తిన్నది. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, తిట్లు పడడానికి సిద్ధంగా కొంగు సర్దుకుని, కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది.

"తినడం అయింది కదా, ఇక మొదలుపెట్టవేం?" అంది.

"ఇంకా తింటున్నాను కదత్తయ్యా," అంది కోడలు, ఖాళీ కంచం ముందు కూర్చుని.